ఏడాదికి ఒక్కరికే క్షమ

రువాన్,
శ్రమల కాలం రెండో ఆదివారం, 1612

చెల్లి రొబీన్‌కు,

మొగుడు పోయిన ఇంట్లో ఉత్తరాలు రాసే ఓపిక ఉండదని తెలుసు. అయినా ఈసారి నువ్వు జవాబు రాయక తప్పదు. చెప్పవలసినవన్నీ వరసగా చెబుతాను.

మన తమ్ముడు అద్రియెన్‌కు శిక్ష ఖాయమైంది. నీ భర్త నికేజ్‌ని పీపాల సుత్తితో కొట్టి, గొంతు కోసి చంపినందుకు చక్రం మీద చంపమన్నారు. చక్రం అంటే ఏమిటో నువ్వు ఎప్పుడూ చూడలేదు. పోయిన నెల ఒక దారిదోపిడీగాడిని అలా చంపుతుంటే గుడికి మా కొవ్వొత్తులు ఇచ్చి వస్తూ నేను ఆ జనంలో చిక్కుకుపోయాను. చేతులూ కాళ్ళూ చాచి కట్టి, ఇనప కడ్డీతో ఒక్కో ఎముకా విరిచారు. మోకాలు విరిగినప్పుడు వచ్చిన చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. తర్వాత ఆ మనిషిని చక్రం మీద మడిచి పైకెత్తారు. అప్పటికి వాడు చావలేదు.

మన వాడికి ఇంకో దారి ఉంది. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని నువ్వు చూసిందే. ఏటా క్రీస్తు మోక్షారోహణ పండుగనాడు పెద్ద గుడి గురువులు చావవలసిన ఖైదీల్లో ఒక్కరిని ఎంచుకుని విడిపిస్తారు. ఆ ఖైదీ పునీత రొమేన్ అస్థికల పెట్టెను భుజానికి ఎత్తుకుంటాడు, తల మీద పూలు పెడతారు, ఇక రాజు కూడా అతన్ని ముట్టుకోకూడదు. శ్రమల కాలంలోనూ, ఈస్టర్ దాటాక ఆ పండుగ అయ్యేదాకానూ ఇక్కడ ఎవరినీ చంపరు. అంటే మనకు కొంత వ్యవధి ఉంది.

ఎంచుకునే ముందు గురువులు చచ్చినవాడి ఇంటివాళ్ళ మాట కూడా వింటారు. నువ్వు అతని భార్యవి. 'నాకు అభ్యంతరం లేదు' అని రెండు ముక్కలు రాసి పంపు. మీ అత్తగారి చేత కూడా రాయించగలిగితే ఇంకా మంచిది, కాని కొడుకు పోయిన తల్లిని బలవంతపెట్టమని నేను అనను.

నీ అక్క,
పెరోన్


దియెప్,
శ్రమల కాలం మూడో బుధవారం

పెరోన్ అక్కకు,

రాయను. రెండు ముక్కలు కాదు, ఒక్క ముక్క కూడా రాయను.

నీకేం, మైనం వాసన మధ్య, గుడి గంటల మధ్య బతుకుతున్నావు. ఇక్కడ నేల పలకల సందుల్లోకి ఇంకిన రక్తం ఎంత తోమినా పోవడం లేదు. ఇసుక పోసి రుద్దాను, సున్నం పోశాను. వాన పడితే వాసన లేస్తుంది. మా అత్త ఆ పలకల మీదే మోకాళ్ళూని కొడుకు కోసం జపమాల తిప్పుతుంది. నేను ఆవిడ పక్కనే మోకరిల్లాలి.

అద్రియెన్ కొట్టాడు. ఆ మాట వాడే ఒప్పుకున్నాడు, కోర్టు రాసుకుంది. కొట్టినవాడు పోవాలి, అదే న్యాయం. పునీతుడి పెట్టె ఎత్తితే రక్తం కడిగేసినట్టా? దేవుడి తీర్పు నుంచి ఎవరు తప్పించుకున్నారని?

వాడి దగ్గరికి వెళ్ళి కొత్తగా ఏవేవో అడగకు. చెప్పింది చాలు. ఆ రాత్రి సంగతి మళ్ళీ తవ్వితే ఎవరికీ మంచిది కాదు.

రొబీన్


రువాన్,
ఈస్టర్ తర్వాత రెండో ఆదివారం

రొబీన్‌కు,

అడగొద్దన్నావు. నేను అడిగాను.

జైలరు భార్య బొంగురు గొంతుతో, "ఏమ్మా కొవ్వొత్తులమ్మా, మళ్ళీ వచ్చావా? నీ తమ్ముడు ఇక్కడికొచ్చాక లావెక్కాడు, చక్రం సరిపోతుందో లేదో" అని వెక్కిరించి తలుపు తీసింది. ఆవిడ మనసు మంచిదే, నోరే అలాంటిది. నేను పట్టుకెళ్ళిన పంది మాంసంలో సగం ఆవిడే తీసుకుంటుంది.

గురువులకు ఏం చెప్పాలో అద్రియెన్‌కు వల్లె వేయిస్తున్నాను. కాచుకుని చంపినవాడికి క్షమ లేదు, కోపంలో చంపినవాడికి ఉంది. అందుకని కోపం దగ్గర మొదలుపెట్టి చివరిదాకా ఎక్కడా అతుకు కనిపించకుండా కథ సిద్ధం చేశాను. కొట్టాను, అదే కోపంలో కత్తి తీశాను, కోశాను అని. వాడు కత్తి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు.

"పెద్దక్కా, ఏ కత్తి?"

"నన్ను అడుగుతావేంట్రా? నీ చేతిలో ఉన్న కత్తి."

"నా చేతిలో సుత్తి ఉంది. పీపాలకు కట్లు బిగించేది. ఒక్కటి వేశాను, పడిపోయాడు. చచ్చాడనుకుని పారిపోయాను. గొంతు సంగతి నాకు తెలీదు."

"కోర్టులో ఒప్పుకున్నావుగా!"

"కట్టేసి, గొట్టం పెట్టి, కుండలకు కుండలు నీళ్ళు కడుపులోకి పోశారక్కా. నిన్నూ అలా చేస్తే రోము నగరం నువ్వే తగలబెట్టావని ఒప్పుకుంటావు."

చెంప మీద కొట్టాను. చావు ముందర కూడా అబద్ధమా అన్నాను. వాడు తిరిగి అరవలేదు, ఏడవలేదు. వాపెక్కిన చేతులు నా ముందు చాపి, "ఈ చేతులు చేసింది ఎంతుంటే అంతే చెబుతాను. మిగతాది చేసినవాళ్ళెవరో నాకు తెలీదు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా వాణ్ణి పెంచిన దాన్ని. వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. పడలేదు.

ఇంటికొచ్చాక వంటగదిలో కూర్చుని ఆలోచించాను. నేను అతికిన కథే వాణ్ణి చంపేది. గురువులు కోర్టు కాగితాలు చదివే వస్తారు. కత్తి ఎక్కడిది, ఎక్కడ పారేశావు అని అడుగుతారు. నిజం మొత్తం చెప్పనివాడికి క్షమ చెల్లదు. ఒక్క ముక్క దాచినా, ఇచ్చిన క్షమ కూడా కొట్టేస్తారు.

ఆ రాత్రి ఆ గదిలో ఇద్దరు మగవాళ్ళూ నువ్వూ ఉన్నారు. ఒకడు పారిపోయాడు. ఇంక నేను అడగవలసింది ఒక్కటే, అది నువ్వు చదవకముందే నీకు తెలిసిపోయి ఉంటుంది.

రెండు సంగతులు గుర్తుపెట్టుకో. విడుదలైన ఖైదీ తన వాంగ్మూలంలో ఎవరెవరి పేర్లు చెబితే వాళ్ళకు కూడా అదే క్షమ వర్తిస్తుంది. వాడికి అవకాశం రాకపోతే ఆ వాంగ్మూలాన్ని గురువులు అదే పూట నిప్పుల్లో వేస్తారు, కోర్టుకు ఒక్క అక్షరం చేరదు. ఈ ఉత్తరం మా ఆయన లూబిన్ చేత పంపుతున్నాను. మైనం కొనడానికి వస్తున్నాడు. నీ జవాబు ఆయన చేతికే ఇవ్వు. ఆయన విప్పడు.

పెరోన్


దియెప్,
లూబిన్ బావ ఎదురుగా కూర్చుని ఉండగా

అక్కా,

బావ కాళ్ళు చాపుకుని చేప తింటున్నాడు. 'త్వరగా కానీవే, సముద్రం పోటు మారితే బండి బురదలో దిగబడుతుంది' అంటున్నాడు. నేనేం రాస్తున్నానో ఆయనకు తెలిస్తే ఆ ముద్ద దిగదు.

అద్రియెన్ ఖాళీ పీపాలు దించడానికి వచ్చాడు. వాడు గుమ్మంలోకి వచ్చేసరికి నికేజ్ నా జుట్టు పట్టుకుని ఉప్పునీళ్ళ తొట్టిలో ముఖం ముంచుతున్నాడు. అది మొదటిసారి కాదు. నీకు ఎప్పుడూ రాయలేదు. ఊపిరి కోసం నోరు తెరిస్తే ఉప్పు, చేపల జిడ్డు. పైకి లాగి, నవ్వి, మళ్ళీ ముంచేవాడు. తమ్ముడు ఒక్క దెబ్బ వేశాడు. నికేజ్ నేల మీద పడ్డాడు. తమ్ముడు ఆ నెత్తురు చూసి గోడ దగ్గర వాంతి చేసుకుని పరుగెత్తాడు.

నేను తలుపు వేశాను. కళ్ళు మండుతున్నాయి, ఏమీ కనపడటం లేదు. కాసేపటికి వెనక నుంచి నవ్వు వినిపించింది. నికేజ్ లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సగం ముఖం ఎర్రగా ఉంది.

"నీ తమ్ముడిది ఆడదెబ్బే" అన్నాడు. "మంచినీళ్ళు తే. తాగి ముందు నీ సంగతి చూస్తా. తెల్లారాక వాడిది."

తెచ్చాను. చెంబు రెండు చేతులా పట్టుకుని తల వెనక్కి వంచి తాగాడు. చేపలు కోసే కత్తి పగలూ రాత్రీ నా నడుముకే ఉంటుంది. ఒక్క కోత. తాగిన నీళ్ళూ నెత్తురూ కలిసి బయటికి కొట్టాయి. గొంతు పట్టుకుని లేవబోయి నా మీద పడ్డాడు. పక్కకు నెట్టే బలం నాకు లేకపోయింది. కాళ్ళు తన్నుకోవడం ఆగేదాకా వాడి కిందే పడి ఉన్నాను. వాడి నెత్తురు వెచ్చగా నా చెవుల్లోకి కారింది.

ఇరుగుపొరుగు తలుపు విరగ్గొట్టి వచ్చారు. 'ఎవరు చంపారు?' అన్నారు. అద్రియెన్ అన్నాను. వాడు ఈపాటికి ఏదో ఓడ ఎక్కేసి ఉంటాడనుకున్నాను. మొద్దు వెధవ, అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడట.

తర్వాత ఆ మాట మార్చుకోలేకపోయాను. వాడు బతికితే ఏదో ఒకరోజు నిజం బయటపడుతుందని, వాడు పోతే బాగుండని కూడా అనుకున్నాను. అదీ రాస్తున్నాను, నిజం మొత్తం అన్నావు కదా.

వాడికి చెప్పు. ఏం చేయాలో వాడిష్టం.

రొబీన్


రువాన్,
మోక్షారోహణకు ముందు మంగళవారం

రొబీన్‌కు,

వాడికి చెప్పాను. స్టూలు ఎత్తి గోడకు కొట్టాడు. విరిగిన కాలు తీసుకుని మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చేతులు చీరుకుపోయి నెత్తురు కారింది. "చిన్నక్క నన్ను చక్రానికి అమ్మేసిందా?" అని అరిచాడు. నీ గురించి ఇంకా చాలా అన్నాడు, అవి నేను రాయను. అలిసిపోయి కూలబడ్డాక మెల్లగా అన్నాడు, "అయితే నేను మనిషిని చంపలేదన్నమాట."

ఈ ఉదయం గురువులు జైలుకు వచ్చారు. వాడు అంతా చెప్పాడు, నేను నేర్పిన కథ కాదు, ఉన్నది ఉన్నట్టు. ముసలి గురువు ఒకాయన కలం ఆపి, "అమ్మాయి పేరు?" అని అడిగాడట. వాడు నీ పేరు చెప్పాడట, క్షమలో నువ్వూ ఉండాలని.

గురువారం పొద్దున ఓటు వేస్తారు. ప్రార్థన చెయ్యి.

పెరోన్


దియెప్,
మోక్షారోహణ తర్వాతి ఆదివారం

అక్కా,

ఏమైంది? గురువారం పోయింది, శుక్ర శనివారాలు పోయాయి. రువాన్ నుంచి వచ్చిన ఉన్ని బేరగాడు ఖైదీ తల మీద తెల్ల పూలు పెట్టారని, పడుచువాడని, పెట్టె ఎత్తేటప్పుడు ఏడ్చాడని చెప్పాడు. జుట్టు ఏ రంగు అంటే తెలీదన్నాడు, జనం వెనక నించున్నాడట పనికిమాలినవాడు. మన వాడు అలాగే ఏడుస్తాడు కదా. చిన్నప్పుడు కోడి చచ్చినా ఏడ్చేవాడు.

ఒక్క మాట రాయి. బండివాడి కోసం గేటు దగ్గరే నించుంటున్నాను. మా అత్త 'ఎవరి కోసమే ఎదురుచూపు, రెండో మొగుడి కోసమా?' అంటోంది.

రొబీన్


రువాన్,
త్రిత్వ ఆదివారం

రొబీన్‌కు,

ఇది కావాలనే ఆలస్యంగా రాస్తున్నాను. నువ్వు కోర్టుకు రాకూడదని, అలా చేయమని అద్రియెన్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

పూలు పెట్టింది వేరేవాడికి. వేటకుక్క విషయంలో గొడవపడి పొరుగువాడిని పొడిచిన పెద్దింటి కుర్రాడు. "నొయెల్! నొయెల్!" అని ఊరంతా సంబరంగా అరిచింది. పునీత రొమేన్ అణచిన రెక్కల పాము బొమ్మను కర్ర మీద ఎత్తుకుని పిల్లలు గెంతుతూ పోయారు. ఆ అరుపులు జైలు కిటికీ కిందుగానే వెళ్ళాయి. తక్కిన ఖైదీలందరి వాంగ్మూలాలూ కాల్చేశారు. లూబిన్ గురువుల గదిలో కొవ్వొత్తులు మారుస్తూ కళ్ళారా చూశాడు. ముసలి గురువు కన్నీళ్ళు తుడుచుకుంటూ కర్రతో బూడిద కలిపాడట, అక్షరం మిగలకుండా.

నేను ఒక వకీలు దగ్గరికి వెళ్ళి, వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. సుత్తితో కొట్టినవాడు ఒకరు, గొంతు కోసినవాళ్ళు ఇంకొకరు అయితే ఎలా అని. కొట్టినవాడిని ఓడల మీద తెడ్డు వేయడానికి పంపుతారు, ప్రాణం దక్కుతుంది అన్నాడు. కోసింది భార్య అయితే? ఆయన వేలితో మెడ చుట్టూ గీత గీశాడు.

పరుగెత్తుకుంటూ జైలుకు పోయాను. వాడికి చెప్పాను. రొబీన్, నేను నిన్ను కాపాడాలని పోలేదు. నీ పేరు కోర్టులో చెప్పమని పోయాను. నువ్వు వాణ్ణి చావులోకి నెట్టావు, నిన్ను నేను నెడదామనుకున్నాను. అది నీకు తెలియాలి.

వాడు అన్నాడు: "గురువులకు చెప్పింది క్షమ కోసం అక్కా. కోర్టుకు చెబితే అది ఉరి కోసం. పేరు అదే, కాని రెండూ ఒకటి కాదు."

"నేనే చెబుతాను" అన్నాను.

"చెప్పు. నేను కాదంటాను. కత్తి నాదే అంటాను. ఎక్కడ పారేశానో కూడా కల్పిస్తాను, నువ్వే నేర్పావుగా కల్పించడం." నవ్వాడు. తర్వాత, "చిన్నక్క ముఖం తొట్టిలో ఉండగా చూశాను. నేను దెబ్బ సరిగ్గా వేసి ఉంటే తనకు కత్తి అవసరమయ్యేది కాదు" అన్నాడు.

పోయిన సోమవారం చంపారు. చెప్పకుండా ఉందామనుకున్నాను, కాని వాడు పడ్డది నువ్వు తెలుసుకోకుండా బతకడం నేను ఒప్పుకోను.

వేదిక మీద కోర్టు గుమాస్తా అడిగాడు, తోడు ఎవరైనా ఉన్నారా, పేరు చెబితే మొదటి దెబ్బకు ముందే గొంతుకు తాడు బిగించి పంపేస్తాం అని. అది కూడా ఒక దయే. అద్రియెన్ నీ పేరు నోట్లో పెట్టుకుని ఆ మనిషి వంక చూశాడు. "ఎవరూ లేరు" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, అంత దూరం నుంచి కూడా నాకు కనపడ్డాయి.

కడ్డీ మొదట ఎడమ మోచేతి మీద పడింది. వాడు అమ్మని పిలిచాడు. తర్వాత తొడ ఎముక, అది ఒక్క దెబ్బకు విరగలేదు. ముందు నించున్న ఆడవాళ్ళు 'హంతకుడా' అని ఉమ్మేశారు, ఒకావిడ వంటింటి బూడిద తెచ్చి చల్లింది. రొమ్ము ఎముకల మీద కొట్టాక అరుపు ఆగింది, గురగుర మాత్రం చాలాసేపు ఉంది. నేను చివరిదాకా ఉన్నాను. వాడి కళ్ళు వెతుక్కుంటే నేను దొరకాలి కదా.

నువ్వు ఇప్పుడు కోర్టుకు వచ్చి చెబితే వాడు తిరిగి రాడు. ఆ పని చేయకు. వాడి కోరిక అది, నాది కాదు. నా వరకు అడిగితే నీ మీద నాకు జాలి లేదు. ఎప్పటికైనా వస్తుందేమో తెలీదు. నువ్వు రాస్తే చదువుతాను.

పెరోన్


దియెప్,
ప్రభు శరీర పండుగ తర్వాత శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం గేటు దగ్గర నించునే చదివాను. ఊళ్ళోకి ఆ వార్త అంతకుముందే వచ్చింది. చేపలు కోసే ఆడవాళ్ళందరూ నన్ను కావలించుకున్నారు. 'నీ మొగుడి ఆత్మ శాంతించింది, దేవుడు న్యాయం చేశాడు' అన్నారు. ఒకామె రొట్టె, ఒకామె వెన్న తెచ్చింది. నేను తీసుకున్నాను. తిన్నాను కూడా.

గురువు దగ్గర నా పాపం ఒప్పుకున్నాను. ఆయన ముసలివాడు, చెవుడు, నేను సగంలో ఉండగానే చేయెత్తి క్షమ ఇచ్చేశాడు. బయటికొచ్చి నేరుగా సముద్రంలోకి నడిచాను. ఎవరో ఒకరు నన్ను శిక్షించాలి, ఎవరూ ముందుకు రావడం లేదు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. గులకరాళ్ళు కాళ్ళ కింద జారుతున్నాయి. అప్పుడు నా మోచేతులు కనపడ్డాయి. రెండూ విరగకుండా ఉన్నాయి. మోకాళ్ళు నన్ను నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో ఎముకకూ ఒక్కో ఎముక ఇచ్చి వాడు నన్ను విడిపించాడు. ఈ ఒళ్ళు ఇక నా సొమ్ము కాదు, అలల్లో పారేయడానికి. ఎంత అసహ్యంగా ఉన్నా మోయాలి. వెనక్కి వచ్చేశాను.

మా అత్త గుమ్మంలో ఉంది. "ఏమే, ఈ వయసులో సముద్ర స్నానాలా? బట్టలు మార్చుకుని చావు, పులుసు చల్లారిపోయింది" అంది.

బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ కొడుకు కోసం రోజూ చెప్పే జపం చెప్పింది. లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పీపాలవాడికి కూడా ఒకటి చెప్పవే."

"ఎవరికి?"

"నీ తమ్ముడికే. చక్రం మీద పోయినవాణ్ణి మట్టిలో పెట్టరు, పూజ చెప్పించరు. నాకు వాడి మీద కోపం పోలేదు, నా నోటితో రాదు. నువ్వు చెప్పు. తల్లి లేని పిల్లాడు."

చెప్పాను. వాడి పేరు పెట్టి, గట్టిగా. ఆవిడ కళ్ళు మూసుకుని ఆమెన్ అంది. ఆ ఆమెన్ విన్నాక నా నోరు మూతపడలేదు. తొట్టి, సుత్తి, చెంబు, కత్తి అన్నీ చెప్పేశాను. నీళ్ళు అడిగితే ఇచ్చి, తాగుతుండగా కోశానని కూడా చెప్పాను. తమ్ముడు నన్ను కోర్టు నుంచి కాపాడాడు, ఈవిడ నుంచి కాపాడే హక్కు వాడికి లేదు. నేను చంపింది ఈవిడ కొడుకుని.

అది జరిగి చాలాసేపయింది. ఆవిడ జపమాల పట్టుకుని కూర్చునే ఉంది. వీధి తలుపు తీసే ఉంది, కేక వేస్తే పది మంది వస్తారు. ఏం చేయాలో తెలియక ఆవిడ ఎదురుగానే కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.

ఇప్పుడే లేచింది. తలుపు వైపు వెళ్ళింది. గడప మీద నించుని రేవు వైపు చూసింది. తలుపు మూసి లోపలికి వచ్చింది. నా ముందున్న చల్లారిన గిన్నె తీసుకెళ్ళి పులుసు మళ్ళీ వేడి చేసింది. తెచ్చి నా ముందు పెట్టలేదు. తన ముందూ పెట్టుకోలేదు. బల్ల మధ్యలో పెట్టి, రెండు చెంచాలు వేసి కూర్చుంది.

రొబీన్